టీకాల గదిలో మంజుభాషిణులు

టీకాల గది గుమ్మంలో నిలబడి, చేతిలోని కార్డు చూసి, పెద్ద నర్సు "మంజుభాషిణీ!" అని కేక పెట్టింది. బెంచీల మీంచి ముగ్గురు తల్లులు ఒకేసారి లేచారు. ఆమె కార్డు మళ్ళీ చూసుకుంది. కిందటి నెల ఇద్దరు, అంతకుముందు ఒకరు, ఇవాళ ముగ్గురు. అది ఆమె సొంత పేరు. ఈ మధ్యదాకా ఆ పేరు గలవాళ్ళు ఆమెకు మరొకరు తగల్లేదు.

పేరు ఉందన్నమాటేగానీ, పిలిచినవాళ్ళెవరు? పుట్టగానే వీధి చివరిదాకా వినపడేలా ఏడ్చిందట. పేరు చూసైనా గొంతు తగ్గుతుందేమోనని తాతగారు పాత కావ్యాలు తిరగేసి, తీయగా మాట్లాడేది అని అర్థం వచ్చే ఈ పేరు పెట్టారు. గొంతు తగ్గలేదు సరికదా, బడిలో హాజరు పిలిచినప్పుడల్లా క్లాసంతా కిసుక్కున నవ్వేది. పెళ్ళయ్యాక భర్తకు "ఏమోయ్", ఆడపడుచుకు "వదినా", ఆస్పత్రిలో "సిస్టర్", వెనకాల "మైకు సిస్టర్". పేరు కోటు మీది బ్యాడ్జీకే మిగిలింది. ముప్ఫై అయిదేళ్ళ కొలువులో నీ పేరేమిటని ఒక్కరైనా అడిగారా అని తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ కడుపు మండిపోతుంది. ఇంకో నెలలో పదవీ విరమణ కూడాను.

మరి ఉన్నట్టుండి ఇంతమంది ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారు? అడిగితే మొదటి తల్లి అదేదో నది పేరంది. రెండో ఆవిడ కాదు, రాణి పేరంది. మూడో ఆవిడ భర్త, "కొత్త పేరండీ, ఇంకెవరికీ లేదు" అన్నాడు, పక్కనే ఇద్దరు మంజుభాషిణులు గుక్కపట్టి ఏడుస్తుంటే.

"ఎవరు చెప్పారయ్యా నీకు?"

"ఎవరూ చెప్పలేదండీ. బజారులో పిల్లల బట్టలు కుట్టే ఆవిడ కొట్లో, అద్దం వెనక వేలాడే గౌను మీద చూశాం."

"మేమూ అక్కడే చూశాం" అన్నారు తల్లులిద్దరూ.

డ్యూటీ దిగి, కోటైనా విప్పకుండా ఆమె తిన్నగా ఆ కొట్టుకి వెళ్ళింది. అద్దం వెనక నిజంగానే పసుపు గౌను, ఛాతీ మీద ఎర్రదారంతో ఆమె పేరు. లోపల మిషను తొక్కుతున్న దర్జీ తలెత్తి, బ్యాడ్జీ చూసి, పరుగున వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"మీరేనా అమ్మా! మా పాపకి మీ పేరే పెట్టుకున్నా, ఆ గౌను ఈ మధ్య దానికి కుట్టిందే. రెండేళ్ళ కిందట, పొద్దుట్నించీ నొప్పులు పడుతుంటే మీరు పక్కనే కూచున్నారు. కళ్ళు తిరిగి మొహం సరిగ్గా చూడలేదుగానీ, బ్యాడ్జీ చదివా. మీ గొంతు మాత్రం మర్చిపోలేను."

పెద్ద నర్సుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలోనే అనుమానం వచ్చింది.

"నా గొంతా?"

"ఎంత మెల్లగా మాట్లాడారనీ! పేరుకి తగ్గ మనిషి అనుకున్నా."

"పాప ఏ నెలలో పుట్టింది?"

దర్జీ చెప్పిన నెలలో ఆమె కాలు విరిగి ఇంట్లో మంచం మీద ఉంది. బదులుగా రెండు నెలలకని ఒక అమ్మాయి వచ్చింది. కొత్త కోటు ఇంకా ఇవ్వలేదంటే, కొక్కేనికున్న తన కోటు వేసుకోమని ఫోనులో చెప్పింది తనే.

ఊ కొట్టి ఊరుకుంటే సరిపోయేది. అడిగేవాళ్ళు లేరు, చెప్పేవాళ్ళు లేరు. ఊరుకోవాలనే ఉంది ఆమెకు, చాలా ఉంది.

"అది నేను కాదమ్మా. కోటే నాది" అంది. దర్జీకి వినపడలేదు. జన్మలో మొదటిసారి ఒక మాట రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

దర్జీ తెల్లబోయి, గౌను వంకా ఆమె వంకా చూసింది. "అయితే ఆవిడ పేరేంటమ్మా?"

పెద్ద నర్సు నోరు తెరిచింది. కాలు బాగయ్యాక వారం రోజులు ఆ అమ్మాయీ తనూ ఒకే బల్ల దగ్గర టీ తాగారు. "ఇదిగో అమ్మాయ్" అనే తను పిలిచేది.

"నేను అడగలేదు" అంది.