యుద్ధనౌకకు తాళ్ళు కట్టిందెవరు

దయ్యం కథ ఎవరైనా మొదలుపెడితే నేను ఒకటే అడిగేవాణ్ణి. "నువ్వు సూసినవా, ఎవరన్న సెప్తె ఇన్నవా?" అంతే, కథ అక్కడికి ఆగిపోయేది. చక్కెర ఫ్యాక్టరీ వర్క్‌షాపులో లేత్ మిషను మీద ముప్పై ఏళ్ళు పనిచేసినవాణ్ణి. చేతికి తగలనిది నాకు లేనట్టే. ఇప్పటికీ పెద్దగా మారలేదు, ఈ ఒక్క సంగతి తప్ప.

రిటైరయ్యాక చేతులు ఊరుకోవు కదా. మా బోధన్ పక్కన ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల క్యాంపు ఉంది. అక్కడుండే సుబ్బాయమ్మక్క ఒకరోజు ఫోటో చట్రం విరిగిందని నా దగ్గరికి తెచ్చింది. ఫోటోలో ఉన్నది యుద్ధనౌక, క్రూయిజర్. రెండో ప్రపంచ యుద్ధంలో వాళ్ళ నాన్న అందులో పనిచేశాడట. తిరిగొచ్చాక ఇక్కడ కాలువ కింద పొలం కొని చెరకు పండించాడు. ఆయన పోయి నలభై ఏళ్ళు.

"ఆ ఓడ గురించి ఎంత చెప్పేవాడో తమ్ముడూ. ఎలా ఉండేదో ఒక్కసారి చూడాలని ఉండేది" అంది. నేను చేసిస్తానని నోరు జారాను.

మూడేళ్ళు పట్టింది. నిజామాబాద్ పోయి, ఇంటర్నెట్‌లో దొరికిన ఆ ఓడ ప్లాన్లు పెద్ద కాగితం మీద ప్రింటు తీయించాను. పాత టేకు తలుపు కోయించి నాలుగడుగుల ఓడ చేశాను. రేకు డబ్బాలు పొగగొట్టాలయ్యాయి, ఇంజెక్షన్ సూదులు ఫిరంగులయ్యాయి. పొగగొట్టం ఎత్తు తప్పిందని రెండుసార్లు పీకి మళ్ళీ పెట్టాను. "గా ఓడను సూసుకున్నట్టు నన్ను సూసుకుంటె బాగుండు" అని మా లక్ష్మి సతాయించేది. నేను మాత్రం హాయిగా ఉన్నాను. సర్వీసులో కూడా అంత హాయి ఎరగను.

చివరికి తాళ్ళు మిగిలాయి. రెండు ఇత్తడి స్తంభాల మధ్య కట్టాల్సిన సన్నటి దారాలు, మొత్తం పద్నాలుగు. సరిగ్గా అప్పుడే నా కుడిచెయ్యి వణకడం మొదలైంది. టీ తాగితే సగం చొక్కా మీదే. అదే నెలలో అక్కకు కళ్ళలో నీటికాసులని తేలింది. చూపు తగ్గుతూనే పోతుందని డాక్టరు చెప్పారట. ఆమెకు కనబడుతుండగానే ఓడ పూర్తి కావాలి. ఇంకెవరితోనైనా కట్టించొచ్చు, కానీ మనసొప్పలేదు. నాకు ఏడుపొచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఎలాగో రెండు దారాలు కట్టాను. నాకొచ్చింది చిన్నప్పుడు పొలంలో నేర్చిన పద్ధతే. చెరకు మోపుకు దాని ఆకుతోనే మెలిపెట్టి, కొస లోపలికి దోపడం. మోపు మీద గట్టిగా ఉంటుంది గానీ ఇత్తడి మీద జారిపోయింది. విసుగొచ్చి, షెడ్డులోనే మంచం మీద ఒరిగాను. మధ్యాహ్నం రెండు దాటింది. షెడ్డుకు ఒకటే తలుపు. గడపలో లక్ష్మి చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది.

లేచేసరికి నాలుగు. పదమూడు దారాలు బిగించి ఉన్నాయి. నేను కట్టిన రెండూ విప్పి, మళ్ళీ కట్టి ఉన్నాయి.

ఎవరొచ్చారని లక్ష్మిని అడిగాను. "ఎవ్వలూ రాలే. నువ్వు గురక పెట్టుకుంట పండుకున్నవ్. నేను గీడికెల్లి లేవనే లేదు" అంది. ఆటపట్టిస్తోందేమోనని మొహం చూశాను. నాకంటే ఆమే ఎక్కువ భయపడింది.

నిద్రలో నేనే కట్టానేమో అనుకున్నాను. ఈ చేత్తో నా సంతకమే సరిగ్గా రాదు. పైగా ఆ ముడి నాకు తెలియదు. భూతద్దంతో చూస్తే రెండు చుట్లు, మూడోది వెనకనుంచి తిప్పి కిందికి దూర్చి ఉంది. పదమూడూ ఒకే తీరు.

మరునాడు అక్క వచ్చింది. నేనేమీ చెప్పలేదు. ఓడంతా చూసి, భూతద్దం పట్టుకుని దారాల దగ్గర ఆగిపోయింది. "మా నాన్న ముడి నీకెవరు నేర్పారు తమ్ముడూ?" అంది. బావి చేదకూ, చిన్నప్పుడు తన ఉయ్యాలకూ ఆయన అదే వేసేవాడట. నా దగ్గర దారం ముక్క తీసుకుని వేసి చూపించింది. పక్కపక్కన పెట్టి చూశాం. ఏమీ తేడా లేదు.

అప్పుడు జరిగింది చెప్పాను. అక్క కాసేపు ఏడ్చింది, తర్వాత నవ్వింది. "సగంలో ఆగిన పని చూస్తే ఆయన ఊరుకునేవాడు కాదు" అంది.

లక్ష్మి కాసేపు కునుకు తీసిందేమో, ఆ ముడి తెలిసినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారేమో అని అన్నివైపులా ఆలోచించాను. ఏదీ కుదరలేదు. ఆ రెండు గంటల్లో ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

పద్నాలుగో దారం మాత్రం కట్టి లేదు. కొలతకు కోసి, కొసలకు మైనం రాసి, ఓడ పక్కన తిన్నగా పరిచి ఉంది. అది నాకోసం ఉంచిందని చూడగానే అర్థమైంది. అక్క ఉండగానే, ఆమె చూపిన ముడే వేయడానికి కూర్చున్నాను. సాయంత్రం దాకా పట్టింది. ఆడవాళ్ళిద్దరూ కదలకుండా చూశారు. ముడి వంకరగా వచ్చింది, కానీ జారలేదు.

ఓడ ఇప్పుడు అక్క ఇంట్లో ఉంది. ఆమెకు చూపు బాగా తగ్గింది. ఎవరైనా చూడ్డానికి వస్తే దారాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడుముతుంది. ఆ వంకర ముడి దగ్గర ఆగి, "ఇది మా తమ్ముడు కట్టింది" అని చెబుతుంది.