బ్రేకమ్మ కట్టరు కొన్న రోజు

మా మేనత్తకి భయం ఎక్కువ. ఈ మాట నేను కాదు, వీధి వీధంతా అంటుంది. ట్రాక్టరు తోలే ఆడమనిషి కదా, గుండె రాయి అయి ఉంటుందనుకుంటారు తెలియనివాళ్లు. తెలిసినవాళ్లు ఆవిణ్ణి బ్రేకమ్మ అంటారు, మలుపు ఇంకా కనపడకముందే బ్రేకు మీద కాలేస్తుంది కాబట్టి. ఆవిడ వెనక ఇరుక్కున్న లారీవాళ్లు వేరే పేర్లు కూడా పెట్టారు. అవి ఇక్కడ రాయలేను.

ఆవిడ పని కలుపు కొట్టడం. చేత్తో కాదు, ట్రాక్టరు వెనక తగిలించే కట్టరుతో. మంచమంత ఇనప రేకు, దాని కింద రెండు మందపాటి బ్లేడ్లు గిరగిరా తిరుగుతుంటాయి. ముళ్లకంపైనా, బొటనవేలంత లావు మొక్కైనా పొట్టు పొట్టు అయిపోతుంది. పళ్లతోటల్లో చెట్ల వరసల మధ్య, ఎవరూ పట్టించుకోని ఖాళీ స్థలాల్లో, పద్దెనిమిదేళ్లుగా అదే పని. మొదట్లో జీతానికి ఒక డ్రైవరుండేవాడు. వాడొకరోజు తాళంచెవి గుమ్మంలో పెట్టి చెప్పాపెట్టకుండా పోయాడు. మామయ్య దర్జీ. కుట్టుమిషను తప్ప ఇంకో మిషను జోలికి పోడు. "కాలు తీస్తే ఆగిపోయే మిషనైతేనే నాకు నమ్మకం" అన్నాడట. దాంతో తాళంచెవి అత్త తీసుకుంది.

తీసుకుంది గానీ, భయపడుతూనే తోలింది. పొద్దున్నే ట్రాక్టరు చుట్టూ తిరిగి ప్రతి నట్టూ తడుముతుంది. ఎక్కాక అనుమానమొచ్చి దిగి మళ్లీ తడుముతుంది. తోటలో మనిషి కనపడితే చాలు, ఎంత దూరాన ఉన్నా పని ఆపేస్తుంది. ఒకసారి బ్లేడు తగిలిన గులకరాయి ఆవిడ చెవి పక్కనుంచి దూసుకుపోయి తోట గేటు రేకుకి బొక్క పెట్టింది. అత్త దిగి వెళ్లి ఆ బొక్కలో వేలు దూర్చి చూసింది. ఆ వారమంతా ముద్ద సరిగ్గా మింగలేదని మామయ్య చెప్పాడు. "మీ అత్త ముందుకే తోలుతుంది అల్లుడూ, కానీ ప్రాణమంతా వెనకే ఉంటుంది" అంటాడాయన.

నేను కాలేజీ రెండో ఏడాదిలో మానేసి ఆవిడ దగ్గర పనికి చేరాను. దాచడమెందుకు, పాత కట్టరుని చంపింది నేనే. కట్టరు షాఫ్టు దగ్గర ఒక మెత్త బోల్టు ఉంటుంది. బ్లేడు ఏ మొద్దుకో తగిలితే ముందు అది తెగుతుంది, మిగతాదంతా బతుకుతుంది. తెగడమే దాని ఉద్యోగం. అరగంటకోసారి తెగుతుంటే నాకు ఒళ్లు మండి, అత్తకి చెప్పకుండా గట్టి బోల్టు బిగించాను. నాలాంటి తెలివైనవాళ్లందరూ చేసే పనే అది. మూడో రోజు బ్లేడు మోడుకి తగిలింది. బోల్టు తెగలేదు. గేర్‌బాక్సు పగిలింది, షాఫ్టు పిండిన గుడ్డలా మెలితిరిగింది. అత్త ఆ బోల్టు విప్పి, తుడిచి, నా చేతిలో పెట్టింది. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

ఇక కొత్త కట్టరు కొనక తప్పదు. అదీ వెంటనే, ఎందుకంటే మెట్లతోట పని ఒప్పుకొని ఉంది.

మెట్లతోట అంటే గుట్టని మెట్లు మెట్లుగా చెక్కి చెట్లు నాటిన తోట. ఒక్కో మెట్టు మీద ఒక్కో వరస. వరస చివరికి వెళితే నేల అయిపోతుంది. అక్కణ్ణించి రెండు నిలువుల లోతు, అడుగున రాళ్లు. మొత్తం నలభై వరసలు. అంటే నలభైసార్లు అంచుదాకా వెళ్లి ఆగాలి, వెనక్కి రావాలి. ఆ పని ఉన్న వారంలో అత్త నిద్రలో కూడా కాలు తన్నుతుందని, అది బ్రేకు తొక్కడమేనని మామయ్య నవ్వుతూ చెప్పేవాడు. అత్త నవ్వేది కాదు.

పెద్దరోడ్డు పక్కనున్న పనిముట్ల షాపుకి ట్రాక్టరు మీదే వెళ్లాం. ముందు గది, వెనక పెద్ద ఖాళీ జాగా, ఆ చివర ఇటుక గోడ. నాగళ్లు, ట్రాలీలు, కట్టర్లు ఎండలో వరసగా పెట్టి ఉన్నాయి. షాపాయన మెడలో తువ్వాలుతో ఎదురొచ్చాడు.

"రండమ్మా! ట్రాక్టరు ఎంతది?"

"నలభై అయిదు హార్సుపవరుది. పాతది" అంది అత్త.

"అయితే ఇంకేం ఆలోచించకండి. ఆరున్నర అడుగులది తీసుకెళ్లండి." ఎర్ర రంగు కట్టరు వీపు మీద ఎద్దుని చరిచినట్టు చరిచాడు. "మీ చక్రాల కన్నా వెడల్పు. ఒక్కసారి పోతే వరస శుభ్రం. అయిదడుగులది కొన్నారనుకోండి, చక్రం తొక్కిన కలుపు అలాగే పడుంటుంది. మర్నాటికి లేచి మిమ్మల్నే వెక్కిరిస్తుంది."

నాకు ఆ మాట నచ్చింది. "నిజమే అత్తా. సగం టైములో అయిపోతుంది."

"టైము మిగుల్చుకొని ఏం చేస్తావురా? మళ్లీ కాలేజీకి పోతావా?" అంది. షాపాయన తువ్వాలు అడ్డం పెట్టుకొని నవ్వాడు.

అత్త ఆ ఎర్ర కట్టరు చుట్టూ మూడుసార్లు తిరిగింది. వంగి బ్లేడుని చేత్తో తోసింది. అది బద్ధకంగా మొదలై, చాలాసేపు తిరిగింది. అది ఆగేదాకా అత్త అక్కణ్ణించి కదల్లేదు.

"బరువుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు లేస్తాయి" అంది.

"లేస్తే ముందు రెండు బరువు దిమ్మలు కట్టండి, అమ్మా."

"షాఫ్టులో ఫ్రీవీలు ఉందా?"

షాపాయన తువ్వాలు సర్దుకున్నాడు. "అదెందుకమ్మా? ఎవరూ అడగరు."

ఎందుకో నాకూ తెలియదు. నా మొహం చూసి అత్త చెప్పింది. "సైకిలు తొక్కడం ఆపితే చక్రం తిరుగుతున్నా పెడళ్లు ఆగుతాయి కదా. అది ఫ్రీవీలు వల్ల. అది లేకపోతే చక్రమే పెడళ్లని తిప్పుతుంది, నీ కాళ్లు వద్దన్నా ఆడతాయి. మన ట్రాక్టరు పాతది. క్లచ్ తొక్కితే చక్రాల నుంచి ఇంజను విడిపోతుంది గానీ కట్టరు విడిపోదు. ఆ బ్లేడ్లు తిరుగుతున్నంతసేపూ అవే మన చక్రాల్ని ముందుకి తోస్తాయి. పాత షాఫ్టులో ఫ్రీవీలు ఉండేది."

పాత షాఫ్టుని మెలితిప్పిన చేతుల్ని నేను జేబుల్లో పెట్టుకున్నాను.

"అమ్మా, మీరు మరీ" అన్నాడు షాపాయన. "బ్రేకు లేదా ట్రాక్టరుకి? తోస్తే ఎంత తోస్తుంది, చంటిపిల్లాడు తోసినంత."

"అయితే తగిలించి చూద్దాం."

"ఇవి చెప్పులా ఏంటమ్మా, వేసుకొని రెండడుగులు నడిచి చూడ్డానికి!"

"ఎన్నడుగులు నడుస్తుందో అదే చూడాలి, అన్నా."

గంట పట్టింది తగిలించడానికి. షాపాయన విసుక్కుంటూనే ఒక చెయ్యి వేశాడు. అత్త ఇటుక ముక్క తీసుకొని నేల మీద అడ్డంగా గీత గీసింది. గీతకీ వెనక గోడకీ మధ్య మూడు బారల ఎడం ఉంచింది. "ముందు చక్రం ఈ గీత మీదికి రాగానే క్లచ్ తొక్కుతా. బ్రేకు వెయ్యను. ఎక్కడిదాకా పోతుందో చూడు. పక్కన నిలబడు, ఎదురుగా కాదు."

ఎదురుగా కాదు అని స్పష్టంగానే చెప్పింది. కానీ పక్కనుంచి గీత సరిగ్గా కనపడలేదు. నేను వెళ్లి గోడ ముందు నిలబడి, బస్సు వెనక్కి తీయించే క్లీనరులా చేతులూపుతూ "రా రా రా" అన్నాను. అంత ఎత్తున కూర్చుని, కళ్లు గీత మీదే పెట్టుకొని ఉన్న అత్త నన్ను చూడలేదు.

ఇంజను హోరు పెరిగింది. కట్టరు ఈల వేసినట్టు కూసింది, దుమ్ము లేచింది. చక్రం గీత మీదికి వచ్చింది. అత్త కాలు క్లచ్ మీద పూర్తిగా దిగడం నేను చూశాను.

ట్రాక్టరు ఆగలేదు.

ఇంజను మోత మారింది, బరువు దిగినట్టు తేలికైంది. అయినా చక్రాలు వస్తూనే ఉన్నాయి. ఎవరూ తోలని బండి వచ్చినట్టు, తాపీగా. ఆ తాపీతనమే నన్ను కట్టేసింది. పరిగెత్తుకొచ్చి ఉంటే పక్కకి దూకేవాణ్ణేమో. 'ఇప్పుడు ఆగుతుంది, ఇప్పుడు ఆగుతుంది' అనుకుంటూ ఒక్కో అడుగూ వెనక్కి వేశాను. వీపుకి ఇటుకలు తగిలాయి. ఎడమ పక్క నీళ్ల డ్రమ్ము, కుడి పక్క నాగళ్ల కుప్ప. షాపాయన ఏదో అరిచాడు.

అప్పుడు అత్త నన్ను చూసింది. ఆ మొహం నేను ఇంతకుముందెప్పుడూ చూడలేదు, ఇంకెప్పుడూ చూడకూడదు. సీటులోంచి లేచి, స్టీరింగు పట్టుకొని, రెండు కాళ్ల మీదా నిలబడిపోయింది, ఒకటి క్లచ్ మీద, ఒకటి బ్రేకు మీద. చక్రాలు మట్టిని గీరాయి. ట్రాక్టరు ఇంకో రెండు జానలు జరిగి ఆగింది. బంపరుకీ నా పొట్టకీ మధ్య ఒక అరచెయ్యి పట్టే ఎడం ఉంది. ఉజ్జాయింపుగా చెప్పడం లేదు. నా అరచెయ్యి అక్కడే ఉంది, బంపరుని తోస్తూ. దాన్ని నేనే ఆపుతున్నానన్నట్టు.

ఇంజను ఆగాక కూడా వెనక బ్లేడ్లు తిరుగుతూనే ఉన్నాయి. ముగ్గురం ఆ చప్పుడు చచ్చేదాకా విన్నాం.

అత్త దిగలేకపోయింది. నేను పక్కకి పాకి వచ్చి మెట్టు దగ్గర నిలబడితే, నా చొక్కా కాలరు పట్టుకుంది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు, వదల్లేదు.

"వెధవా" అంది. "ఇక్కడ బండి ముందు గోడ ఉంది, నువ్వున్నావు. మెట్లతోటలో గోడ ఉండదు, లోతు ఉంటుంది. బండి మీద నేనుంటాను."

షాపాయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ నీళ్లు తెచ్చాడు. ఇక చంటిపిల్లాడి మాట ఎత్తలేదు. లోపలికి వెళ్లి అటక మీద డబ్బాలన్నీ దించి వెతికాడు. "ఎప్పుడో ఒకాయన కావాలని తెప్పించుకొని తీసుకెళ్లలేదమ్మా" అంటూ గ్రీసు కాగితంలో చుట్టిన ఇనప ముక్క పట్టుకొచ్చాడు. మరచెంబంత ఉంది. అదే ఫ్రీవీలు. ఒక పక్కకి తిప్పితే పట్టుకుంటుంది, ఇంకో పక్కకి టకటకమని జారిపోతుంది. అత్త దాన్ని చెవి దగ్గర పెట్టుకొని, రెండు పక్కలకీ తిప్పి తిప్పి విన్నది.

ఈసారి అయిదడుగుల కట్టరు తగిలించమంది. నేను వెంటనే ఎర్రదాన్ని విప్పడం మొదలుపెట్టాను. షాపాయనే ఆగలేక, "చక్రం కింద కలుపు మిగులుతుందమ్మా, ముందే చెబుతున్నా" అన్నాడు.

"మిగిలితే రెండోసారి పోతా. ముందు ఒకసారి పోయి తిరిగి రావాలిగా."

ఇటుక ముక్కతో మళ్లీ గీత. ఈసారి నేను ముందు గది గుమ్మంలో ఉన్నాను. చెప్పడానికి సిగ్గేమీ లేదు, తలుపు చాటున. షాపాయన నా వెనక ఉన్నాడు. చక్రం గీత మీదికి వచ్చింది, క్లచ్ దిగింది. ట్రాక్టరు రెండు బెత్తెలు దొర్లి నిలబడిపోయింది. వెనక బ్లేడ్లు మాత్రం వాటి మానాన అవి తిరుగుతున్నాయి, ఎవరినీ తొయ్యకుండా.

అత్త అలా ఆరుసార్లు చేసింది. ఆరోసారికి షాపాయన భోజనానికి వెళ్లిపోయాడు.

రెండు రోజుల తర్వాత మెట్లతోటకి వెళ్లాం. మొదటి వరస మొదట్లో అత్త చాలాసేపు ఊరికే కూర్చుంది. ఇంజను నడుస్తోంది, చేతులు స్టీరింగు మీద ఉన్నాయి, పెదాలు కదులుతున్నాయి. ఏమంటోందో వినపడలేదు. నన్ను పై మెట్టు మీద, చెట్టు వెనక నిలబడమంది. నిలబడ్డాను.

కలుపు నడుమెత్తు ఉంది. నేల ఎక్కడ అయిపోతుందో కనపడదు. ట్రాక్టరు ఆకుల్ని తోసుకుంటూ పోతోంది. అంచు అవతల ఖాళీ ఆకాశం. నా లోపల ఎవరో గోడకి వీపు ఆనించి నిలబడే ఉన్నారు. అంచు ఇంకా నాలుగు బారలుందనగా ట్రాక్టరు ఆగింది. జారలేదు. వెనక్కి వచ్చింది. రెండో వరసా అంతే. మూడోదీ అంతే, అక్కడే, నాలుగు బారల ముందే.

తోటాయన వచ్చి నడుం మీద చేతులు పెట్టుకొని చూశాడు. "ఏంటమ్మా, అంచుదాకా కొట్టడం లేదు? ఏటా కొట్టేదానివిగా! కొత్త మిషను ఆగదా ఏంటి?"

"ఆగుతుందండీ. బాగా ఆగుతుంది."

"మరి?"

"నా దడే ఆగడం లేదు" అంది అత్త, గుండె మీద చెయ్యి పెట్టుకొని. తోటాయన నవ్వాడు. ఆవిడ జోకు వేసిందనుకున్నాడు.

సీటు వెనకనుంచి రెండు కొడవళ్లు తీసింది. ఎప్పుడు పెట్టుకుందో నేను చూడలేదు. ఒకటి నాకిచ్చింది. ప్రతి వరస చివరా మిగిలిన ఆ నాలుగు బారలూ ఇద్దరం కూర్చుని చేత్తో కోశాం. ముళ్లు గుచ్చుకున్నాయి, నడుం పట్టేసింది. పొద్దున అనుకున్న పనిలో మూడో వంతు కూడా కాలేదు. ఇంకొకప్పుడైతే ఆ కొడవలి లోయలోకి విసిరేసి ఇంటికి పోయేవాణ్ణి. అంచు దగ్గర కలుపు కోసి పక్కకి లాగినప్పుడల్లా కింద రాళ్లు కనపడేవి, తెల్లగా, పళ్లలాగా. చూసి, ఒక జాన వెనక్కి జరిగి మళ్లీ కోసేవాణ్ణి.

సాయంత్రానికి పదకొండు వరసలయ్యాయి. ఇంకా ఇరవై తొమ్మిది.

"రేపు వచ్చేముందు కొడవళ్లు నూరించుకురా" అంది అత్త.

"సరే అత్తా."

ఇంటికి వెళ్లేదాకా రెండో గేరు దాటలేదు. మలుపు ఇంకా చాలా దూరముందనగానే బ్రేకు వేసింది. వెనక లారీ హారను కొడుతూనే ఉంది. నేను మడ్‌గార్డు మీదనుంచి వెనక్కి తిరిగి, ఆగమని చెయ్యి చూపించాను.