బావ నాలుక

మా బావకు పని తెచ్చిపెట్టింది ఆయన నాలుకే. రొయ్యల చెరువుల్లోకి కొత్త నీళ్ళు పెట్టినప్పుడల్లా వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, ఉప్పు చాలిందో లేదో చెప్పేవాడు. యజమాని మీటరు కొన్నా చివరి మాట బావదే. అందరూ ఆయన్ని ‘నాలుక’ అనే పిలిచేవాళ్ళు. ఆ పేరు వింటే బావ మీసం మెలేసేవాడు. మరదల్ని కాబట్టి నేను ఊరుకునేదాన్ని కాదు. “పనికొచ్చేది నాలుకొక్కటే, తక్కిన మనిషి దండగ,” అని ఏడిపించేదాన్ని.

రొయ్యలు పట్టేశాక చెరువు నీళ్ళు, అడుగున కుళ్ళిన మేత, మందులు, అన్నీ అక్కావాళ్ళ ఇంటి వెనక మట్టికాలువలోకే వదిలేవాళ్ళు. తూము ఎత్తేదీ బావే. ముందు కాలువలో చేపలు చచ్చి తేలాయి. తర్వాత పెరట్లో నిమ్మచెట్టు మాడిపోయింది. చివరికి బావి నీళ్ళు ఉప్పగా ఉన్నాయని అక్క మొత్తుకుంది. బావ ఓ గుక్క తాగి, “తియ్యగానే ఉన్నాయే. నీ నోరే బాగాలేదు,” అన్నాడు.

ఆ వీధి మొత్తానికీ తాగడానికి ఆ బావి నీళ్ళే దిక్కు. ఆడవాళ్ళంతా యజమాని దగ్గరికి వెళ్ళి, కాలువ దారి మళ్ళించమని అడిగారు. ఆయన నవ్వి, “మీ నాలుకనే చెప్పమనండి,” అన్నాడు. బావ అందరి ముందూ చెంబెడు తాగి, బాగానే ఉన్నాయన్నాడు. అబద్ధం కాదు, ఆయనకు అలాగే అనిపించింది. అందుకే నాకు మరీ ఒళ్ళు మండింది.

మర్నాడు అక్కావాళ్ళింట్లో వంట నేను చేశాను. బావి నీళ్ళతో కూర ఉడికించి, చిటికెడు ఉప్పు కూడా వెయ్యలేదు. అక్క పిల్లలు మొదటి ముద్దకే ఉప్పు కషాయమని కంచాలు తోసేశారు. బావ మాత్రం కలుపుకుని తింటూ, “ఉప్పు మర్చిపోయావా మరదలా? ఆ డబ్బా ఇటియ్యి,” అన్నాడు.

“నేను వెయ్యలేదు బావా. ఉన్నదంతా మన బావిదే,” అన్నాను.

ఆయన పిల్లల కంచాల వైపు చూశాడు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

చెయ్యి కడుక్కుని తిన్నగా యజమాని దగ్గరికి వెళ్ళాడు. తన నాలుక చచ్చిపోయిందని, నిన్నటి మాట పట్టించుకోవద్దని చెప్పాడు.

“అలాగైతే ఇంక నువ్వు నాకెందుకు?” అన్నాడాయన.

“మరి కాలువ?”

“నీళ్ళు బాగున్నాయన్నది నీ నాలుక బాగున్నప్పుడు చెప్పిన మాట కదా.”

ఇప్పుడు అక్క రెండు వీధుల అవతల నుంచి బిందె మోసుకొస్తోంది. ఆ నీళ్ళు బావ ముట్టుకోడు, బావిలోవే తోడుకుని తాగుతాడు. ఒంటికి మంచిది కాదని తిట్టాను.

“నాకు తియ్యగానే ఉన్నాయిలే,” అన్నాడు.