సుగ్గి గడి

ఆదోనిలో పత్తి బేళ్ల మీద గుర్తులు వేసే మున్వర్‌కు ఇంట్లో ఒక రాజ్యం ఉండేది. అది ఒక దుప్పటి. ఎమ్మిగనూరు మగ్గాల మీద నేసిన ఆ కొత్త దుప్పటిని భార్య షరీఫా బీ చలికాలానికని కొనుక్కుంటే, ఆమె చుట్టాలింటికి పోయి వచ్చేలోగా మున్వర్ దాని మీద గడులు గీసి, ఏరు పారించి, నాలుగు మూలలా నాలుగు ఊళ్లు నిలబెట్టేశాడు. గీసింది మిల్లు సిరాతో. గూడ్సు బండిలో వానకు తడిసినా బేలు మీది గుర్తు చెరగకూడదని కలిపే నల్ల సిరా అది. షరీఫా బీ సబ్బు అరగదీసి, చేతులు నొప్పి పుట్టి చివరికి వదిలేసింది. ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా ఆమెది ఒకటే మాట.

"మా ఆయన కోటలు కడతాండాడు. మిద్దె కారేది మాత్రం అగుపడదు."

ఆట మున్వర్ సొంతది. పచ్చీసు ఆడి ఆడి విసుగుపుట్టి, డెబ్బైల చివర్లో దాన్ని పుట్టించుకున్నాడు. గవ్వలు వేసి కాయ నడపాలి. పడిన గడిని బట్టి చింతపిక్కలు వస్తాయి. పిక్కలు కూడితే ఊళ్లో ఇళ్లు లేస్తాయి. అయితే ఆట పసంతా దొడ్డకట్టడాల్లో ఉంది. అవి దుప్పటి మొత్తానికీ ఒక్కొక్కటే. ఒకరు కట్టేస్తే ఇంకొకరికి లేదు. కోట కట్టినవాడి జోలికి దండు రాదు. సంత కట్టినవాడికి కాయ తిరిగి వచ్చినప్పుడల్లా పిక్కలు రాలతాయి. గవ్వలన్నీ బోర్లా పడితే అది కరువు గవ్వ, ఊళ్లు ఖాళీ అవుతాయి. భూమిలో జొన్నలు దాచే పాతర ఉన్నవాడు ఒక కరువును దాటతాడు. బావి ఉన్నవాడి ఊరి నుంచి ఏ కరువులోనూ మనిషి కదలడు.

వీటిలో ఏది ఎంత విలువ చేస్తుందన్నదే మున్వర్ బెంగ. కోట చవకైతే అందరూ కోటకే పరిగెత్తుతారు. ప్రియమైతే ఎవరూ దాని వైపు చూడరు. మిల్లులో బేలు మీద అక్షరాలు కోసిన రేకు ఆనించి కుంచె కొడుతూ, సంత ఎక్కువా పాతర ఎక్కువా అని లోలోపల తూచుకునేవాడు. ఏది ముందు కట్టాలో ఎవరికీ తేలకూడదు, అట్లా ఉంటేనే ఆట న్యాయమైనదని ఆయన నమ్మకం.

జతగాడు సుంకప్ప. ఎమ్మిగనూరు దగ్గరి పల్లెలో మెట్టచేను చేసుకునే మనిషి. పత్తి బండి తోలుకొచ్చి, మిల్లు ముందర వరుసలో నిలిపి, వంతు వచ్చేదాకా ఏమీ తోచక కూర్చునేవాడు. అక్కడ నేల మీద గీతలతో మొదలైన స్నేహం దుప్పటి దాకా వచ్చింది. సుంకప్ప ఎప్పుడూ బావే కట్టాలని చూసేవాడు. అన్నింట్లోకీ ప్రియమైనది బావే. దానికి సరిపడా పిక్కలు కూడేలోపల మున్వర్ సంతా కోటా కట్టేసేవాడు. పైగా ఒక కరువు గవ్వ పడేది. సుంకప్ప ఊరు ఖాళీ అయ్యేది.

"నీ బావి రేటు కొంచెం దించప్పా," అన్నాడొకసారి.

"దించితే అందరూ బావే కట్టాలంటారు."

"అననీ. అందరికీ బావులుంటే నీదేం పోయె?"

మున్వర్ నవ్వి గవ్వలు చేతికిచ్చాడు. ఆ మాట మాత్రం చాలా రోజులు లోపల నలిగింది.

దుప్పటి నడిమధ్యన సుగ్గి గడి. మున్వర్ తల్లి దౌలత్‌బీ కన్నడ సీమలో సిరుగుప్ప వైపు పిల్ల. ఆమె నోట సుగ్గి అంటే పంట ఇంటికొచ్చే కాలం, కల్లంలో రాశి, పిల్లలకు కొత్త బట్టలు. మిల్లు గోడల పక్కనే పెరిగిన మున్వర్‌కు ఆ మాట అమ్మ చెప్పినట్టే మిగిలిపోయింది. ఆ గడిలో కాయ పడితే గుప్పెడు పిక్కలు. మొదటిసారి సుంకప్ప కాయ అక్కడ పడి, మున్వర్ గుప్పెడు తీసి ముందర పోస్తే, అతడు పిక్కల వైపు చూసి కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. సంబరపడుతున్నాడనుకున్నాడు మున్వర్.

ఎనభైల్లో వరసగా వానలు మొహం చాటేశాయి. సుంకప్ప రావడం తగ్గింది. పత్తే లేనప్పుడు బండెందుకు? ఒకరోజు బజారులో కనిపించి, బావి దుప్పటి మీద కాలేదు, నేల మీద తవ్వుతాండానని చెప్పాడు. మున్వర్ బస్సెక్కి చూడ్డానికి పోయాడు.

బావి మనిషి లోతు దాటింది. లోపల సుంకప్ప గడ్డపార వేస్తుంటే, పైన భార్య హులిగమ్మ మన్ను తట్టలు లాగి పోస్తోంది. గట్టున అతడి ముసలితల్లి తలమీద కొంగు కప్పుకుని కూర్చుని ఉంది. నీళ్లు పడితే ఊళ్లోనే ఉంటామని, పడకుంటే సుగ్గేనని హులిగమ్మ తట్ట దించుతూ చెప్పింది. మున్వర్‌కు ధైర్యం చెప్పాలనిపించింది.

"సుగ్గి వస్తాందంటే ఇంకేం దిగులమ్మా?"

హులిగమ్మ తట్ట అక్కడే వదిలేసి ఆయన మొహంలోకి చూసింది. వేళాకోళమేమో అనుకున్నట్టుంది. కాదని తెలిశాక మెల్లగా చెప్పింది.

"సుగ్గి మాకు రాదన్నా. మేమే సుగ్గికి పోతాం."

ఇంటికి తాళమేసి, గుంటూరు వైపు పోయి, పరాయి చేలల్లో మిరపకాయలు కోసి, పత్తి తీసి, ఆ చేల గట్టునే గుడిసె వేసుకుని బతకడం. అదీ వాళ్ల సుగ్గి. బావి లోపలి నుంచి సుంకప్ప గొంతు వినిపించింది. "మా మున్వరన్న సుగ్గిలో గుప్పెడు పిక్కలిస్తాడే. ఆ గుంటూరోళ్లకు సెప్పల్ల." మళ్లీ అదే నవ్వు. ఈసారి మున్వర్‌కు అర్థమైంది.

కొన్నాళ్లకు బావిలో బండ తగిలింది. తూటాలు పెట్టి పేల్చారు. బండ కింద ఇంకో బండ. బండ తగిలాక తోడొచ్చిన నలుగురూ రావడం మానేశారు. మున్వర్ రెండోసారి పోయి రాళ్లకుప్ప మీద సుంకప్ప పక్కన కూర్చున్నాడు. బేళ్ల మీద గుర్తులు వేసేవాడు బండకు ఏం చేయగలడు?

ఇంటికొచ్చి దుప్పటి పరిచి, నలుగురి తరఫునా తానే ఆడుతూ బావి రేటు దించాడు. ఊరికొకటి కట్టుకోవచ్చన్నాడు. నాలుగు మూలలా నాలుగు బావులు లేచాయి. కరువు గవ్వ పడినా ఒక్క ఊరూ కదలలేదు. ఆటలో చేయడానికి ఇంక ఏమీ లేదు. అంత తేలిగ్గా అయిపోయే పనికి ఇన్నేళ్లు న్యాయమంటూ అడ్డుపడ్డానని అనిపించి, కుంచె తెచ్చి నడిమి సుగ్గి గడి మీద నల్లగా కొట్టేశాడు.

సుంకప్పోళ్లు సుగ్గికి లారీ ఎక్కే రోజు షరీఫా బీయే దుప్పటి మడతపెట్టి భర్త చేతిలో పెట్టింది. చేలల్లో మంచు పడుతుందని, ఇంట్లో ఒంటికి వెచ్చగా ఆనే గుడ్డ ఇదొక్కటేనని చెప్పింది. కోటల సంగతి ఎత్తలేదు.

ఎమ్మిగనూరులో లారీ నిండా మూటలు, కుండలు, కాళ్లు కట్టిన కోళ్లు. తల్లిని పైకెక్కించి కిందికి దిగిన సుంకప్ప దుప్పటి అందుకుని, అలవాటు కొద్దీ విప్పి చూశాడు. నడుమ మచ్చ మీద వేలు ఆగింది.

"సుగ్గి యాడన్నా?"

"కొట్టేసినా. నాకు తెలీక రాసిన మాట."

సుంకప్ప మచ్చ మీద నుంచి వేలు తీశాడు.

"ఎందుకు కొట్టేస్తివప్పా? సుగ్గి ఈడొక్కచోటన్నా మంచిగా ఉండె."

మున్వర్ వేలు తడిచేసుకుని ఆ నలుపును రుద్దాడు. తర్వాత చొక్కా అంచు తడిపి రుద్దాడు. అది తాను కలిపిన సిరా. డ్రైవరు హారన్ కొట్టాడు. హులిగమ్మ పైనుంచి వంగి, వదులన్నా, చలిగా ఉందంటూ దుప్పటి లాక్కుని అత్త చుట్టూ కప్పింది. ముసలామె దాన్ని మెడ దాకా లాక్కుని కళ్లు మూసుకుంది. లారీ కదిలాక కూడా మున్వర్ తడి చొక్కా అంచు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు.