చెవి పిండేవాడు

మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరొంచ తెలుగోళ్ల పెండ్లిళ్లలో మరాఠీ ఆచారాలు ఎప్పుడో కలిసిపోయాయి. వాటిలో నాకు చిన్నప్పటి నుంచి ఇష్టమైనది ఒకటుంది. తాళి కట్టడం అయ్యాక పెండ్లికూతురి అన్నో తమ్ముడో వచ్చి పెండ్లికొడుకు చెవి పిండాలి. మా పిల్లను మంచిగా చూసుకో, లేకపోతే నీ సంగతి చెప్తా అని దానర్థం. పెండ్లికొడుకు వాళ్లు బట్టలు పెట్టి ఆ చెవి విడిపించుకుంటారు. అందరూ నవ్వుతారు. నా పెండ్లిలో ఆ చెవి ఎవరు పిండాలన్న దగ్గరే అందరితో గొడవ పడ్డాను.

నాకున్నది ఒక్క తమ్ముడు. ఊరంతా వాడిని ఆడపిల్ల అనుకుంది, ఇంట్లో అట్లాగే పెంచారు. నేను మాత్రం ఇక్కడ మొదటి నుంచీ వాడు అనే రాస్తాను. చిన్నప్పుడు అట్లా పిలవలేదు కదా అంటారేమో. అప్పుడు మాకు తెలియదు, ఇప్పుడు తెలుసు.

ఇంట్లో మాట్లాడే తెలుగులో "నేను పోత" అంటే ఆడా మగా తేడా లేదు కాబట్టి చాలా కాలం ఎవరికీ ఏమీ కనపడలేదు. బడిలో మరాఠీ దగ్గర దొరికిపోయాడు. వెళ్తాను అని చెప్పాలంటే ఆ భాషలో మగపిల్లలు జాతో అంటారు, ఆడపిల్లలు జాతే అంటారు. వీడు లేచి నిలబడి జాతో అన్నాడు. సారు దిద్దారు. వీడు మళ్లీ జాతో అన్నాడు. తెలుగు పిల్లకు మరాఠీ రాదని క్లాసంతా నవ్వింది. మరాఠీ పరీక్షలో నాకంటే వాడికే ఎక్కువ మార్కులు వచ్చేవి.

పన్నెండో తరగతి కాగానే నాగపూర్ పోయాడు. ఫోన్లు బాగుచేసే పని నేర్చుకున్నాడు. డాక్టర్ల చుట్టూ తిరిగాడు. కాగితాల్లో పేరు మార్చుకున్నాడు. సిరొంచలో ఆన్‌లైన్ ఫారాలు నింపే దుకాణంలో పనిచేసేదాన్ని కాబట్టి ఆ ఫారాలన్నీ నేనే నింపాను. మీసం వచ్చాక ఫోటో పంపాడు. అమ్మ దాన్ని చాలాసేపు చూసి, ఫోన్ బోర్లా పెట్టి పొలానికి వెళ్లిపోయింది. అప్పటి నుంచి వాడిని అది అనేది కాదు, వాడు అనేది కాదు. నాన్న లేని ఇంట్లో ఎవరికి భయపడేదో కానీ, "నాగపూర్ ఫోన్ చేసిందా? నాగపూర్‌కు జరం తగ్గిందటనా?" అని అడిగేది. కన్నబిడ్డను ఊరి పేరుతో పిలుస్తుంటే నాకు ఒళ్లు మండేది.

నేను చేసుకున్నది ముల్చేర వైపు మరాఠీ అబ్బాయిని. మూడేళ్లు తిరిగాం. తిరిగాం అంటే బస్సుల్లోనే. నేను సిరొంచ నుంచి, అతను ముల్చేర నుంచి అల్లపల్లి బస్టాండుకు వచ్చేవాళ్లం. తిరుగు బస్సు దొరికే దాకా చాయ్ హోటల్లో కూర్చునేవాళ్లం. మా ప్రేమకు అంతకంటే చోటు లేదు. తమ్ముడి గురించి అక్కడే చెప్పాను. అతను గ్లాసు కింద పెట్టి, వచ్చీరాని తెలుగులో, "అంటే నా చెవు పిండేది ఆయననే గదా. జర మెల్లగ పిండుమని చెప్పు" అన్నాడు. చేసుకుంటే ఇతన్నే చేసుకోవాలని అప్పుడే అనుకున్నాను.

వేరే కులం, వేరే భాష అంటే మా పెద్దనాన్న ఎగురుతాడనుకున్నాను. ఎగరలేదు. "జమానా మారింది బిడ్డా, మనం గూడ మారాలె" అని పదిమందిలో గొప్పగా చెప్పుకున్నాడు కూడా. ఆ మారిన జమానా మా తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

"వస్తే రానీ. చీర కట్టుకొని ఆడోళ్లల్ల కూసోమను. చెవు మావోడు పిండుతడు" అన్నాడు. మావోడంటే ఆయన కొడుకు. పెండ్లికూతురికి ఒక చెల్లెలుందని పెండ్లికొడుకు వాళ్లకు తనే చెప్పి, దానికో చీర తెమ్మన్నాడు.

"ఒక్క పూటనే గదనే, జర ఓర్సుకుంటే ఏమైతది? ఊర్లె మొఖం ఎట్ల సూపెట్టాలె?" అంది అమ్మ.

"ఇరవై ఏండ్లు ఓర్సుకున్నడమ్మా వాడు. ఇగ మీరు ఓర్సుకోండ్రి" అన్నాను.

తమ్ముడేమో ఫోన్‌లో, "నేను రాను తియ్యక్కా. నీ పెండ్లి మంచిగ కానీ" అన్నాడు. ఆ మాటకు ఏడ్చాను. తర్వాత కోపమొచ్చింది. "నువ్వు రాకుంటే నేను పీటల మీద కూసోను" అని చెప్పి పెట్టేశాను.

పెండ్లి రోజు పొద్దున బస్సు దిగాడు. ఇస్త్రీ చొక్కా, ప్యాంటు. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. ఎక్కడ కూర్చోవాలో తెలియక మంచినీళ్ల జగ్గు తీసుకుని వచ్చిన వాళ్లకు నీళ్లు పోస్తూ తిరిగాడు. మా ఇంటి పెండ్లిలో మా ఇంటివాడు కూలికి వచ్చినవాడైపోయాడు.

తాళి కట్టడం అయింది. పెండ్లికూతురి అన్ననో తమ్ముడినో పిలవండి అన్నారు. పెద్దనాన్న కొడుకు చేతులు దులుపుకుంటూ ముందుకొచ్చాడు. తల వంచుకుని కూర్చోవాల్సిన నేను తలెత్తాను.

"ఆగు అన్నా. నువ్వు కాదు" అన్నాను. తర్వాత అందరికీ అర్థం కావాలని తెలుగులో ఒకసారి, మరాఠీలో ఒకసారి చెప్పాను. "నా తమ్ముడు అగో, నీళ్ల డ్రమ్ము కాడున్నడు."

పందిరంతా అటు తిరిగింది. వాడు జగ్గు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. పెద్దనాన్న పళ్లు కొరుకుతూ, "పిల్లా, నోరు ముయ్యి" అన్నాడు. అంతలో నా పక్కన కూర్చున్న పెండ్లికొడుకు తమ్ముడి వైపు చెవి వంచి కూర్చున్నాడు.

ఆడవాళ్లలోంచి అమ్మ లేచింది. ఇక వాడిని లోపలికి తీసుకుపోతుందనుకున్నాను. అమ్మ వాడి చేతిలోని జగ్గు తీసి కింద పెట్టింది. తడిచేతులు తన కొంగుతో తుడిచింది.

"పో. మీ బావ చెవు పిండు. గట్టిగ పిండు" అంది.

పిండాడు. మెల్లగా పిండుమన్న మాట నేను చెప్పలేదు. పెండ్లికొడుకు చెవి అన్ని ఫోటోల్లోనూ ఎర్రగానే ఉంటుంది. ప్యాంటు షర్టు గుడ్డ తమ్ముడికి పెట్టారు. పెద్దనాన్న భోజనం చేయకుండా వెళ్లిపోయాడు, ఇప్పటికీ మా ఇంటికి రాడు. రాకపోతే మానె.

చెల్లెలికని తెచ్చిన చిలకపచ్చ చీర ఒకటి పళ్లెంలో మిగిలిపోయింది. దాన్ని అమ్మ కట్టుకుంటుంది. బజారులో ఎవరైనా చీర బాగుంది, ఎవరు పెట్టిన్రు అని అడిగితే దాచదు.

"మా కొడుకుకు పెట్టిన్రు. వాడు చీర కట్టడు గదా, నేను కట్టుకున్న" అంటుంది.