బాపు దాచిన గోలీలు

మా బాపుకు పారేయడం అనేది తెలియదు. పోచంపల్లిలో మగ్గం మీద బతికిన మనిషి. చీర దిగాక మిగిలిన జానెడు పట్టుపోగును కూడా వేలికి చుట్టి డబ్బాలో వేస్తాడు. ఎప్పుడైనా పోగు తెగితే అతుకు పెట్టడానికి పనికొస్తుంది. పోగులతో నాకేం పేచీ లేదు. నా కోపమంతా ఆ పక్కనుండే బిస్కెట్ డబ్బా మీద. అందులో మందు గోలీలుండేవి.

డాక్టరు వారానికి మందులు రాస్తే, కాస్త నయమైన రోజే బాపు ఆపేసేవాడు. "తక్కువైంది గదా, ఇంకెందుకు మింగుడు? దాస్తే రేపు ఎవలికన్న పనికొస్తయ్" అనేవాడు. వీధిలో ఎవరికి దెబ్బ తగిలినా మా గడపే తొక్కేవాళ్లు. బాపు ఒక గొట్టం గోలీ, అదే క్యాప్సూల్, తీసి రెండుగా విప్పి, లోపలి పొడిని పుండు మీద వేలితో తట్టి తట్టి చల్లేవాడు. కోళ్లు తూగుతుంటే వాటి నీళ్లలోనూ అదే పొడి. అట్లా చేయొద్దని నోరు నొప్పి పుట్టేలా చెప్పాను. "సదువుకున్నోళ్లకు అన్నీ అనుమానాలే" అని నవ్వేవాడు.

తెలంగాణ వచ్చాక ఒక వానాకాలం, మగ్గం గుంతలో కాలితో తొక్కే చెక్కకు మేకు లేచి బాపు కుడికాలి బొటనవేలు చీరింది. నేను నల్లగొండలో మా అత్తగారింట్లో ఉన్నాను. నాకు చెబితే కదా! పొడి చల్లుకున్నాడు, డబ్బాలో ఏది చేతికొస్తే అది మింగాడు. నేను వెళ్లేసరికి వేలు వంకాయలా ఉబ్బి, వాసన కొడుతోంది.

షుగర్ లేదన్నారు కాబట్టి తొందరగా మానుతుందనుకున్నాం. దవాఖానలో సూదుల మీద సూదులు వేసినా చీము ఆగలేదు. డాక్టరమ్మ చీమును పరీక్షకు పంపింది. ఈ పుండులోని క్రిములు మామూలు మందులకు లొంగడం లేదని చెప్పింది.

"ఇన్ని గోలీలు తిన్న గదా మేడం, నా ఒంటికి అలవాటైనట్టున్నయ్" అన్నాడు బాపు.

"అలవాటైంది మీ ఒంటికి కాదు, క్రిములకు. యాంటీబయాటిక్ గోలీలు సగంలో ఆపితే బలహీనమైనవి చస్తాయి, మొండివి మిగిలి పెరుగుతాయి. అవి మీ ఒక్కరి దగ్గరే ఆగవు."

బాపు తలూపాడు. ఆ తలూపడం నాకు తెలుసు. గిట్టని ధర చెప్పే షావుకారి ముందూ అట్లాగే ఊపుతాడు.

చీము ఎముక దాకా పోయింది. పాదం దక్కాలంటే వేలు తీయాలన్నారు. బాపు ఒక్కటే అడిగాడు: "మళ్ల మగ్గం తొక్కొస్తదా మేడం?" నాకు ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది. పైగా పరామర్శకు వచ్చినవాళ్లు బత్తాయిలతో పాటు తమ ఇంట్లో మిగిలిన గోలీలు కాగితంలో కట్టుకొచ్చారు, "మంచి పవర్వి" అంటూ. ప్రేమతో తెచ్చినవాళ్లను ఏమని తిట్టాలి?

ఇంటికి రాగానే ఆ బిస్కెట్ డబ్బా తీసుకెళ్లి దవాఖానలో అప్పగించాను. "వేలు పాయె, డబ్బ గూడ పాయె" అని గొణిగాడు బాపు. రెండింటినీ ఒకే గాటన కట్టే మనిషితో ఏం మాట్లాడతాం?

నేను కొన్నాళ్లు బాపు దగ్గరే ఉండిపోయాను. పుండు మానాక బాపు మళ్లీ మగ్గం గుంతలో కాళ్లు పెట్టాడు. చెక్క మీద పట్టు చిక్కక కాలు జారేది. చప్పుడు మధ్యమధ్య ఆగిపోయేది. ఆగినప్పుడల్లా నేను పళ్లు కొరుక్కునేదాన్ని.

ఒకరోజు వెనకింటి నేతగాడు వచ్చాడు. అరచేతికి గుడ్డ చుట్టుకున్నాడు, నెత్తురు కారుతోంది.

"మామా, ఒక గొట్టం గోలీ ఉంటే ఇయ్యరాదా."

బాపు నా వైపు చూశాడు.

"లెవ్వురా. ఉన్నా ఇయ్య. నా కాలు జూడు. దవాఖానకు పో."

నా చెవులను నేనే నమ్మలేదు. అతను మాత్రం నవ్వాడు.

"నువ్వు ఫికర్ జెయ్యకు మామా. పోయినసారి నువ్విచ్చినయి ఇంట్ల ఇంక ఉన్నయ్."

అతను వెళ్లిపోతుంటే బాపు గుంతలోంచి లేవబోయాడు. కాలు ఆనక మళ్లీ కూలబడ్డాడు. "ఉరుకు బిడ్డా, వాన్ని ఆపు!" అని కేకేశాడు.

ఉరికాను. నేను వెళ్లేసరికి అతని భార్య గొట్టం విప్పి పొడి చల్లుతోంది, అచ్చం మా బాపు లాగే, వేలితో తట్టి తట్టి.