గోడకు తిప్పిన క్లచ్ ప్లేటు

కాక పోయాడు. మొన్న ఆదివారం పట్టపగలు, ఆసిఫాబాద్‌లో తన మెకానిక్ షెడ్డులోనే, ఎవరిదో కారులో డ్రైవర్ సీట్లో కూర్చుని పోయాడు. కారు తెచ్చిన ఆసామి పక్కనే నిలబడి ఉన్నాడు, ఆయనకు తెలియనే లేదు. కాక కళ్ళు మూసుకుని, ఎడమ అరచేయి గేరు రాడ్డు మీద ఆనించి కూర్చున్నాడంటే ఇంజిన్‌లో ఏదో వింటున్నాడని లెక్క. అప్పుడు ఎవరూ పలకరించకూడదు. అందుకని ఆ ఆసామి పావుగంట సేపు నోరు మెదపకుండా నిలబడ్డాడట. హ్యాండ్‌బ్రేక్ లాగి ఉంది. బండి మూడో గేరులో ఉంది. ఇంజిన్ ఆగిపోయి ఉంది.

"బండి సచ్చింది గద కాకా, మంచిగనే ఉన్నట్టేనా?" అని చివరికి అడిగాడట. కాక జవాబు చెప్పలేదు.

బండి చావడమేమిటని మీరు అనుకోవచ్చు. క్లచ్ జారుతోందని అనుమానం వస్తే కాక ముందు హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగేవాడు. ఇంజిన్ స్టార్ట్ చేసి, మూడో గేరు వేసి, కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి, క్లచ్ పెడల్ మీంచి కాలు తీసేసేవాడు. క్లచ్ మంచిదైతే బండి కదలలేక, ఒక్క కుదుపు కుదిపి ఇంజిన్ ఆగిపోతుంది. ఆగకుండా అరుస్తూనే ఉందంటే ప్లేటు జారుతున్నట్టు. ఆగిన బండిని చూస్తే ఆయన ముఖం వెలిగిపోయేది. "సచ్చింది! ఇగ ఫికర్ లేదు, తీస్కపో" అనేవాడు. ఆగని బండి ముందు మాత్రం ఆయన్ని చూడబుద్ధయ్యేది కాదు. "సస్తలేదు. సావాల్సిన కాడ సస్తలేదు" అని గొణిగేవాడు. మొదటిసారి విన్నప్పుడు, "ఏం మాటలు కాకా, పొద్దుగాల పొద్దుగాల!" అని కసిరాను.

కసరడం నాకు అలవాటే. నేను జైనూర్‌లో నర్సును. నాకు నోరెక్కువని అక్కడి రోగులే చెబుతారు.

కాక మా బాపు తోడబుట్టినవాడు కాడు, దోస్తు. బాపు ఆసిఫాబాద్ నుంచి జైనూర్ దాకా కెరమెరి ఘాట్ కొండదారి మీదుగా ప్యాసింజర్ జీపు నడిపేవాడు. కాక ఆ జీపును బాగుచేసేవాడు. ఇద్దరికీ కలిపి ఒకే చాయ్ వచ్చేది. కాక సాసర్‌లో తాగితే బాపు గ్లాసులో తాగేవాడు. రెండో చాయ్ తెప్పించుకోవచ్చు కదా అంటే ఇద్దరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసేవారు.

బండి కుదుపులతో కదిలితే ప్లేటు మీద ఆయిల్ పడిందనీ, రివర్సు గేరు కరకరమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదనీ, పెడల్ తొక్కినప్పుడే కీచుమంటే బేరింగు పోయిందనీ ఏ మెకానిక్ అయినా చెబుతాడు. కాక అక్కడితో ఆగేవాడు కాదు. నిర్మల్ నుంచి వచ్చిన ఒక సేటు కారు ప్లేటు విప్పి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మెల్లిగా అన్నాడు.

"నీ ఎడమ కాలు పెడల్ మీదనే పండుకుంటది సేటూ. ఎప్పుడు ఆపాల్సొస్తదో అని భయపడుకుంట నడుపుతున్నవ్. ఎవలన్న అడ్డమొచ్చిండ్రా ఎన్నడన్న?"

సేటు ముఖంలో నెత్తురు లేదు. "ఒక ముసలవ్వ. దెబ్బ తగల్లే, బండి పక్కనుంచి పోయింది. ఈ మాట నా భార్యకు సుత చెప్పలే. నీకెట్ల తెల్సింది?" అన్నాడు.

"ప్లేటు చెప్పింది" అన్నాడు కాక. నేను నవ్వాను గాని, ఆ సాయంత్రం నా కారులో నా ఎడమ కాలు ఎక్కడుందో నాలుగుసార్లు చూసుకున్నాను.

విప్పిన ప్రతి ప్లేటు మీదా ఆయన రంగు చుక్క పెట్టేవాడు. మళ్ళీ వాడదగ్గదైతే నీలం, పారేసేదైతే ఎరుపు. షెడ్డు వెనక గోడకు, చేతికి అందనంత ఎత్తులో, ఒక్క ప్లేటు మేకుకు వేలాడేది. దుమ్ము పట్టి నల్లగా అయిపోయింది. దాని చుక్క ఏ రంగో ఎవరికీ తెలియదు. ఆ ముఖాన్ని గోడకు తిప్పి తగిలించాడు. అది మా బాపు జీపుది.

పరీక్షలో ఏ బండి అయినా చావకుండా అరిస్తే, ఆ ప్లేటు మేకు మీద నెమ్మదిగా ఊగేది. ఇంజిన్ అదురుకు ఊగుతోందిలే అని సర్దిచెప్పుకునేదాన్ని. మరి అదే గోడకున్న బెల్టులూ గొలుసులూ ఎందుకు కదలవు? నాలాంటి వాగుడుకాయ కూడా ఆ మాట ఆయన్ని అడగలేదు. "దాని జోలికి పోకు బిడ్డా" అని ఒక్కసారే చెప్పాడు, ఆ చెప్పిన తీరు చాలు.

బాపు పోయి తొమ్మిదేళ్ళు. నేను అప్పుడు కరీంనగర్‌లో నర్సింగ్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. సెలవులకు ఇంటికి వచ్చాను. ఆ పొద్దున బాపు జొన్నరొట్టె సగంలో వదిలేసి, ఎడమ భుజం రుద్దుకుంటూ చెప్పులు వేసుకున్నాడు. ఖాళీ జీపుతో బయలుదేరి, దారిలో షెడ్డు దగ్గర ఆగి, క్లచ్ ఒకసారి చూడమని కాకకు చూపించి పోయాడు. ఘాట్ సగం ఎక్కాక జీపు వెనక్కి జారి లోయలో పడింది. పశువులు కాసే ఒకాయన దూరం నుంచి చూశాడు. "ఇంజిన్ గట్టిగ అరిసింది. బండి ఎక్కలే. ఎన్కకెన్కకు పోయింది" అని చెప్పాడు. ఇంజిన్ అరిచి బండి ఎక్కలేదంటే క్లచ్ జారినట్టే కదా. ఊరంతా అదే తేల్చింది.

నేను శవం పక్కనుంచి లేచి, అందరి ముందూ కాక అంగీ పట్టుకున్నాను. "సూసి పంపినవ్ గదా! నువ్వే సంపినవ్ మా బాపును!" అని అరిచాను. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నిజమే బిడ్డా. తప్పు నాదే. పరీక్ష చెయ్యకుంట పంపిన" అన్నాడు. ఘాట్ ఎక్కే జీపులు ఆ రోజు నుంచి ఆయన షెడ్డుకు రావడం మానేశాయి. ఊళ్ళో తిరిగే కార్లు మిగిలాయి.

రెండేళ్ళు నేను ఆయన ముఖం చూడలేదు. నాకు జైనూర్‌లో ఉద్యోగం వచ్చి, ఒక పాత కారు కొన్నప్పుడు ఆయనే మా గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డాడు. "గా ఘాట్ మీద ఒక్కదానివి పోతవా? నేను నేర్పుత. తిట్టుకుంటనే నేర్సుకో" అన్నాడు. అలాగే తిడుతూనే నేర్చుకున్నాను. తిట్లు ఎప్పుడు ఆగిపోయాయో నాకే గుర్తులేదు. నడపడమే కాదు, ప్లేటు చూడడం కూడా నేర్పాడు. రివెట్ల తలల మీద లైనింగ్ పొర ఎంత మందం మిగిలిందో గోటితో తడిమి చూడాలి, జారిన ప్లేటు గాజులా మెరుస్తుంది, నల్లగా కాలుతుంది. ఆ తరవాత ప్రతి ఆదివారం నా కారును పరీక్ష చేయకుండా ఆయన జైనూర్‌కు పోనివ్వలేదు. "పరేషాన్ జేస్తున్నవ్ కాకా" అంటే, "ఒక్కసారి సావనియ్ బిడ్డా, పోదువు" అనేవాడు.

ఒక ఎండాకాలం ఆయనకు జైనూర్‌లో ఏదో పని పడి నా కారులో వచ్చాడు. బాపు పడిన మలుపు దగ్గర ఆపమన్నాడు. హ్యాండ్‌బ్రేక్ లాగి, న్యూట్రల్‌లో పెట్టాను. ఇంజిన్ నడుస్తూనే ఉంది. నడినెత్తిన ఎండ. టేకు చెట్లు ఆకు రాల్చి బోసిగా ఉన్నాయి, ఎంత దూరమైనా కనబడుతోంది, ఎక్కడా మనిషి లేడు. కాక తల వంచి విన్నాడు.

"ఇనొస్తుందా?"

"ఏంది?"

"ఇంజిన్. మనది కాదు. కిందికెల్లి. అరుస్తుంది, ఎక్కుతలేదు."

నాకేమీ వినపడలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"వాసనొస్తుందా?" అని మళ్ళీ అడిగాడు. "క్లచ్ జారితే కాలిన వాసన రావాలె గద."

గాలి పీల్చి చూశాను. ఎండుటాకుల వాసన తప్ప ఏమీ లేదు. "లేదు కాకా" అన్నాను.

"రాదు" అన్నాడు, నాతో కాదు. "ఎన్నడు రాదు." తరవాత నా కాళ్ళ వైపు చూసి, "పెడల్ మీంచి కాలు తియ్యి బిడ్డా" అన్నాడు.

"నా కాళ్ళు కిందనే ఉన్నయ్."

ఇద్దరం వంగి చూశాం. నా రెండు పాదాలూ వెనక్కి, సీటు దగ్గరకు ఉన్నాయి. క్లచ్ పెడల్ మాత్రం పూర్తిగా నేలకు ఆని ఉంది. మేం చూస్తుండగానే మెల్లిగా, అలసిన మనిషి కాలు ఎత్తినట్టు, పైకి లేచింది. క్లచ్ ఆయిల్ కారితే పెడల్ దానంతటదే కిందికి కూర్చుంటుందని ఆయనే నేర్పాడు. బానెట్ ఎత్తి చూశాడు, పెడల్ వెనక తడిమి చూశాడు. ఎక్కడా చుక్క కారలేదు. కారి ఉంటే అది అలా పైకి కూడా లేవదు. ఆయన మళ్ళీ లోపలికి వంగాడు. ఆ పెడల్‌ను అరచేత్తో తాకి, ఎవరి పాదమో తాకినట్టు, ఆ చేతిని కళ్ళకద్దుకున్నాడు. "పా బిడ్డా, పోదాం" అన్నాడు.  నేను గేరు వేశాను.

కాక పోయిన మూడో రోజు చిన్నమ్మ, అంటే ఆయన భార్య, నన్ను షెడ్డులోకి పిలిచింది.

"గా ప్లేటు నువ్వు తీస్కపో బిడ్డా. నీకియ్యద్దనే చెప్పిండు. కాని నాకు భయమైతుంది. ఆయన పోయినప్పటి సంది ఆగకుంట ఊగుతుంది."

నిజంగానే ఊగుతోంది. షెడ్డులో ఒక్క బండి లేదు, ఆకు కదిలేంత గాలి లేదు. స్టూలెక్కి పట్టుకోగానే ఆగింది. దాన్ని తిప్పి చూశాను.

నీలం చుక్క.

నా కళ్ళను నమ్మలేక గోటితో తడిమాను. రివెట్ల మీద లైనింగ్ మందంగా ఉంది. మెరుపు లేదు, కాలిన నలుపు లేదు. ఈ ప్లేటు జారలేదు. కాక తొమ్మిదేళ్ళ కిందే, లోయలోంచి తీసిన జీపును విప్పి చూసి, జారలేదని తెలిసి, చుక్క పెట్టి మరీ గోడకు తిప్పాడు. అయితే ఇంజిన్ అరిచినా బండి ఎక్కకపోవడానికి ఇక ఒక్కటే దారి. ఇంజిన్ బలం చక్రాలకు అందకుండా పెడల్ తొక్కి ఉండాలి. తొక్కిన కాలు బాపు మళ్ళీ తీయలేకపోయి ఉండాలి.

"చిన్నమ్మా, ఆ పొద్దు బాపు ఇక్కడ ఏమన్నడు?"

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఛాతీల పట్టేసినట్టున్నదన్నడు. చెమటలు కారుతున్నయ్. మీ కాక దవఖానకు పోదాం పా అన్నడు. 'మా బిడ్డ సూసింది, గ్యాసన్నది, గోలిచ్చింది, తగ్గుతది' అని నవ్వుకుంట ఎక్కిండు. బండికి పరీక్ష సుత చేసిండు బిడ్డా మీ కాక. చాయ్ ఇచ్చుకుంట నేనే సూసిన. ఠక్కున సచ్చింది."

అవును. గ్యాస్ మాత్ర ఇచ్చాను. భుజం నొస్తోంది, దవడ లాగుతోంది అని బాపు అడిగితే, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా "గ్యాస్ బాపు, గంతే" అన్నాను. ఇప్పుడు నా దగ్గరకు ఎవరైనా ఆ మాటలు చెబుతూ వస్తే పరుగెత్తుతాను. ఆ గోలీ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, నాకు నేనే చెప్పుకోలేదు. క్లచ్ అన్నారు, ఆ మాట పట్టుకుని తొమ్మిదేళ్ళు బతికాను.

"తెల్సి ఎందుకు చెప్పలే?" అన్నాను. 

"నేను గదే అడిగిన. 'ఆ పిల్ల రేపు నర్సయితది. ఈ సంగతి తెలిస్తే ఎవలకు గోలియ్యాలన్నా చెయ్యి వణుకుతది. నన్ను అంటే అననియ్, నాకేమైతది' అన్నడు."

ఆ షెడ్డు నేల మీద కూర్చుని ఏడ్చాను. ఆయన అంగీ పట్టుకున్న చేతులివే. అవే చేతులతో ఏడేళ్ళుగా వణకకుండా సూదులు వేస్తున్నాను. ఆ వణకకపోవడం ఆయన ఇచ్చిందని నాకు తెలియలేదు.

ప్లేటు ఇంటికి తీసుకుపోలేదు. షెడ్డు ముందు తలుపుకు మేకు కొట్టి, నీలం చుక్క బజారుకు కనబడేలా తగిలించాను. ఇదంతా రాస్తున్నదీ అందుకే. బాపు పోయిన రోజు నుంచి ఆయన షెడ్డు దాటి పోయిన జీపుల వాళ్ళంతా చదవాలి. కాక పంపిన బండి మంచిదే. తప్పుగా చూసింది నేను.

నిన్న డ్యూటీకి పోతూ ఆ మలుపు దగ్గర ఆపాను. హ్యాండ్‌బ్రేక్ లాగి, మూడో గేరు వేసి, కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి, క్లచ్ వదిలాను. బండి ఠక్కున చచ్చింది. కాళ్ళు రెండూ పైకి తీసుకుని సీటు మీద మఠం వేసుకుని కూర్చున్నాను. ఎండ, టేకు ఆకులు, నిశ్శబ్దం. చాలాసేపటికి క్లచ్ పెడల్ మెల్లిగా కిందికి దిగి, నేలకు ఆని నిలిచింది.

"బాపూ" అన్నాను, "కాక తప్పేం లేదు. నాదే. ఇగ కాలు తియ్యి."

వెంటనే లేవలేదు. నేను ఎదురుచూశాను. తరవాత అది లేచింది, చప్పుడు లేకుండా, పూర్తిగా పైదాకా. బండిని న్యూట్రల్‌లోకి తెద్దామని గేరు రాడ్డు మీద చేయి వేశాను. దాని తల వెచ్చగా ఉంది, ఎవరో ఇంతసేపూ అరచేయి ఆనించి, విని, ఇప్పుడే తీసినట్టు.